రంగం దారి: బియ్యం అటు నుంచి, మనుషులు ఇటు నుంచి

ఈసారి కాస్త పెద్ద పోస్టే రాస్తున్నాను. తీరిక చూసుకుని చదవండి.

పోయిన వారం మన గ్రూపులో రంగూన్ మాట వచ్చింది. "మనవాళ్ళు అక్కడ లక్షలు గడించారు, బర్మావాళ్ళు విశ్వాసం లేకుండా వెళ్ళగొట్టారు" అని ఒకరు రాశారు. "కూలికి పోయినవాళ్ళ గురించి గొప్పలెందుకు" అని ఇంకొకరు. రెండు వైపులా బాగానే వేడెక్కింది. నాకు మాత్రం ఆ రెండు మాటలూ ఒకే చోట తప్పిపోయాయనిపించింది. బర్మాకి మనవాళ్ళు ఎందుకు వెళ్ళారు, ఎందుకు తిరిగొచ్చారు అన్నది మనుషుల మంచిచెడ్డలతో తేలేది కాదు. ఇరుగుపొరుగు దేశాల మధ్య ఏ సరుకు ఎటు వెళ్ళింది, దాని ధర ఎవరు ఎలా చెల్లించారు అన్న లెక్క చూస్తేనే అది అర్థమవుతుంది. ఆ లెక్క నాకు తెలిసినంత మేరకు చెబుతాను.

చిన్నవాళ్ళ కోసం ముందుగా ఒక మాట. మన పెద్దలు "రంగం" అంటే రంగూన్ నగరమే, ఇప్పటి యాంగోన్. బరంపురం నుంచి కాకినాడ దాకా తీరం ఊళ్ళలో "రంగం పోయాడు" అంటే అందరికీ అర్థమయ్యేది. "రంగూన్ రౌడీ" నాటకం తెలుగునాట అంత పేరు పొందిందంటే, ఆ ఊరి పేరు వినగానే జనానికి కళ్ళముందు ఒక బొమ్మ కట్టేది కాబట్టే.

బర్మాతో వ్యాపారం మనకు ఇంగ్లీషువాళ్ళు నేర్పింది కాదు. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చినా సరుకు వర్తకుడిదేనని, రాజు లాక్కోడని దాని సారాంశం. అప్పటికే సముద్ర వ్యాపారం ఎంత సాగుతుంటే ఆ హామీ అవసరమై ఉంటుందో ఊహించుకోండి. 16, 17 శతాబ్దాల్లో మచిలీపట్నం ఓడలు పెగూకు, అరకాన్‌కు, తెనాసెరిమ్ తీరంలోని మెర్గుయికి వెళ్ళేవి. ఇక్కడి నుంచి వెళ్ళేది ముఖ్యంగా బట్ట, చిరివేరుతో అద్దిన ఎర్ర నూలు. అక్కడి నుంచి వచ్చేవి కెంపులు, తగరం, బంగారం. వర్తకుడు సరుకుతో వెళ్ళేవాడు, గాలి మళ్ళాక సరుకుతో వచ్చేవాడు. లాభమైనా నష్టమైనా ఆ రెండు రేవుల మధ్యనే తేలిపోయేది. తర్వాతి కథతో పోల్చడానికి ఇది గుర్తుంచుకోండి.

1824-26, 1852, 1885. ఈ మూడు యుద్ధాలతో ఇంగ్లీషువాళ్ళు బర్మా మొత్తం మింగేశారు. మనకు ముఖ్యమైనది రెండోది. దానితో ఐరావతీ డెల్టా వాళ్ళ చేతికొచ్చింది. అప్పట్లో అక్కడ సగానికి పైగా అడవి, చిత్తడి నేల. 1869లో సూయజ్ కాలువ తెరుచుకుంది. యూరపుకు బియ్యం పంపడం తేలికైంది, ధర పెరిగింది. ఎగువ బర్మా రైతులు దిగువకొచ్చి అడవి కొట్టి మళ్ళు చేశారు. 19వ శతాబ్దం నడుమ 10 లక్షల ఎకరాలకు అటూ ఇటూగా ఉన్న వరిసాగు 1930ల నాటికి 80 లక్షల ఎకరాలు దాటింది. యుద్ధానికి ముందు బర్మా ఏటా దాదాపు 30 లక్షల టన్నుల బియ్యం ఎగుమతి చేసేది. ప్రపంచంలో అంత బియ్యం అమ్మిన దేశం ఇంకొకటి లేదు. అందులో దాదాపు సగం మన దేశానికే వచ్చేది.

ఇక్కడొక చిక్కు వచ్చింది. మడి దున్నడానికి బర్మా రైతు ఉన్నాడు. కానీ ధాన్యం మిల్లులో పట్టడానికి, బస్తా మోయడానికి, ఓడకెక్కించడానికి మనుషులు లేరు. సొంత మడి దొరికే చోట ఇంకొకడి దగ్గర బస్తాలు మోయడానికి ఎవడొస్తాడు? కాబట్టి ప్రభుత్వమే 1870లలో మన తీరం మీద కన్నేసింది. కూలీలను రప్పించడానికి 1876లో ఒక చట్టం కూడా చేసింది. ఆ కాలంలో మన తీరం ఎలా ఉందో మనకు తెలుసు. 1866లో ఒడిశా, గంజాం కరువు. 1876-78లో మద్రాసు రాజధానిలో ధాత కరువు. 1888-89లో మళ్ళీ గంజాంలో కరువు. కాటన్ దొర ఆనకట్ట నీళ్ళు గోదావరి డెల్టాకు అందాయి గానీ గంజాం, విశాఖ జిల్లాల మెట్ట ఊళ్ళకు అందలేదు. పనికి మనిషి లేని దేశం ఒడ్డు ఒకవైపు, మనిషికి పని లేని జిల్లాల ఒడ్డు మరోవైపు. నడుమ బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడలు.

కాకినాడ, విశాఖపట్నం, భీమిలి, కళింగపట్నం, బారువ, మన గోపాల్‌పూర్. వీటిలో చాలావాటికి పేరుకే రేవు. విశాఖలో కూడా అసలైన హార్బరు తెరిచింది 1933లోనే. ఓడ దూరంగా సముద్రంలో లంగరు వేసి నిలబడేది. మేకులు లేకుండా కొబ్బరితాడుతో కుట్టిన మసూలా పడవల్లో అలలు దాటించి జనాన్ని ఓడ దగ్గరికి చేర్చేవారు. సముద్రం అంటే భయపడే మెట్ట ఊరి మనిషి, నెత్తిన మూటతో, ఆ పడవలో కూర్చుని ఎలా వెళ్ళి ఉంటాడో! గోపాల్‌పూర్ వెళ్ళినప్పుడు పాత రేవు స్తంభాల పక్కన మనమంతా ఫోటోలు దిగుతాం కదా, ఆ దారినే వెళ్ళారు వాళ్ళంతా.

యానాం సభ్యులకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన విషయం. బర్మాలో తెలుగువాళ్ళందరినీ, ఏ జిల్లావాళ్ళైనా సరే, "కొరంగీ" అనేవారు. మీ పక్కనే ఉన్న కోరంగి రేవు పేరది. విచిత్రం ఏమిటంటే, లక్షల మంది వెళ్ళడం మొదలయ్యేనాటికి కోరంగి రేవుగా పోయింది. 1839 తుఫాను ఆ ఊరిని నాశనం చేసింది, నదిలో ఇసుక మేట వేసింది. కూలీలు ఎక్కింది కాకినాడలో, గోపాల్‌పూర్‌లో. పేరు మాత్రం చచ్చిపోయిన రేవుది మిగిలింది. బర్మావాళ్ళ నోట ఆ మాట రానురాను వర్తకుడిని కాక రిక్షా లాగేవాడిని, బస్తాలు మోసేవాడిని, వీధులు ఊడ్చేవాడిని గుర్తుచేసే పేరైపోయింది.

1920ల చివర్లో ఏడాదికి 3 లక్షలకు పైగా మనుషులు రంగూన్ రేవులో దిగేవారు. వాళ్ళలో చాలామంది రెండు మూడేళ్ళు పనిచేసి తిరిగొచ్చేవారు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు 10 లక్షలు దాటారు. వారిలో తెలుగువాళ్ళు లక్షన్నర పైచిలుకు. రంగూన్ జనాభా సుమారు 4 లక్షలైతే అందులో సగానికి మించి భారతీయులే. అంటే బర్మావాళ్ళు తమ రాజధానిలో తామే తక్కువ. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే తర్వాత జరిగినవి కొంత అర్థమవుతాయి. మన తెలుగువాళ్ళలో అత్యధికులు మగవాళ్ళే. ఇల్లూ పిల్లలూ ఇక్కడ, కూలి అక్కడ.

వెళ్ళేది మేస్త్రీ ద్వారా. తమిళనాడు మిత్రులకు సిలోన్, మలయా తోటల కంగాణీలు తెలుసు. బర్మాలో ఆ చోటు మేస్త్రీది. ఊళ్ళో అడ్వాన్సు ఇస్తాడు, ఓడ టికెట్టు తీస్తాడు, అక్కడ పనిలో పెడతాడు, జీతంలోంచి కోసుకుంటాడు. పైన పెద్ద మేస్త్రీ, వాడి పైన కంట్రాక్టరు, వాడి పైన మిల్లు లేదా స్టీమరు కంపెనీ. ఒక్కో మెట్టు దగ్గర కొంత తరుగు. ఫిజీకి, నాటాల్‌కి వెళ్ళినవాళ్ళలా ఒప్పందపు సంకెళ్ళు కావు ఇవి. కాగితం మీద మనిషి స్వతంత్రుడే. అప్పు తీరేదాకా కాదు.

ఇప్పుడు అసలు లెక్క. బర్మా నుంచి మన దేశానికి వచ్చినవి బియ్యం, టేకు, యెనాంజౌంగ్ బావుల నూనెతో చేసిన కిరోసిన్. మన పాత ఇళ్ళలో దూలాలు బర్మా టేకు, దీపంలో పోసింది బర్మా కిరోసిన్. ఇక్కడి నుంచి వెళ్ళినవి బట్ట, బెంగాల్ బొగ్గు, బియ్యం నింపడానికి కలకత్తా గోనె సంచులు. ఇంకొకటి చాలామందికి తెలియదు. గోదావరి లంక పొగాకు కాకినాడ నుంచి రంగూన్ వెళ్ళేది, అక్కడ చుట్టలుగా మారేది. బర్మా చుట్ట అని లోకమంతా మెచ్చుకున్నదాంట్లో మన గోదావరి లంకల పొగాకూ ఉండేదన్నమాట.

ఈ సరుకుల్ని తక్కెడలో పెడితే బర్మావైపే బరువెక్కువ. కొన్నదానికంటే చాలా ఎక్కువ అమ్మేది. ఏటేటా ఎగుమతుల మిగులు. చూడగానే, ఆహా, బర్మా ఎంత ధనవంతమైన దేశమో అనిపిస్తుంది. కానీ ఆ మిగులు బర్మాలో నిలవలేదు. ఎందుకంటే సరుకు బర్మాదే అయినా ఆ సరుకుకు కావలసిన "సేవలు" అన్నీ బయటివాళ్ళవే. ఓడ బ్రిటిష్ కంపెనీది, కిరాయి అటు. టేకు, నూనె కంపెనీల లాభం అటు. రైతుకిచ్చిన అప్పు చెట్టియార్లది, వడ్డీ కారైక్కుడికి. బస్తా మోసిన కూలి మన గంజాం, విశాఖ, గోదావరి వాడిది, మనియార్డరు ఇక్కడికి. అర్థశాస్త్రం పుస్తకాలు వీటన్నింటినీ సేవల ఖాతాలో వేస్తాయి. ఓడ యజమాని లాభం, చెట్టియారు వడ్డీ, కూలివాడి చెమట, మూడూ ఒకే ఖాతా! పుస్తకానికి తేడా లేదు గానీ, మనకు ఉంది. వాటా ఎవరికెంత దక్కిందో చూస్తే మనవాళ్ళది అన్నిటికంటే చిన్నది. అయినా రంగూన్ వీధిలో బర్మావాడి కంటికి కనిపించింది ఓడ యజమాని కాదు. వాడు గ్లాస్గోలో, లండన్‌లో ఉన్నాడు. కనిపించింది కొరంగీ కూలి, చెట్టియారు దుకాణం.

బర్మాలో ఏళ్ళ తరబడి ఉద్యోగం చేసిన ఫర్నివాల్ దొర ఈ సంగతి గట్టిగా పట్టుకున్నాడు. అక్కడ తలా ఒక జాతి, తలా ఒక పని, అందరూ కలిసేది బజారులో మాత్రమే అన్నది ఆయన వాదన. బజారు బాగున్నంతకాలం అది నడిచింది.

1930లో బజారు కూలింది. ముందు మే నెల సంగతి. రంగూన్ రేవులో బస్తాలు, సరుకులు ఎత్తేది మన తెలుగువాళ్ళు. కూలి పెంచమని సమ్మెకు దిగారు. స్టీవెడోర్ కంపెనీలు బర్మా కూలీలను దింపి పని జరిపించాయి. అప్పటిదాకా ఆ పనిలోకి రానివ్వని బర్మావాళ్ళకు మొదటిసారి రేవులో పని దొరికింది. తర్వాత మనవాళ్ళతో రాజీ కుదిరింది. మనవాళ్ళు మర్నాడు పనిలోకి వచ్చారు, బర్మావాళ్ళను పొమ్మన్నారు. మే 26న గొడవ మొదలైంది. కొద్ది రోజుల్లో వందకు పైగా ప్రాణాలు పోయాయి, వందల మంది గాయపడ్డారు. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది తెలుగు కూలీలు. న్యాయమైన కూలి అడిగినవాడు, పని దొరికిందని ఆశపడ్డవాడు, ఇద్దరూ ఒకరినొకరు నరుక్కున్నారు. ఇద్దరినీ ఆ స్థితికి తెచ్చిన కంపెనీల వాళ్ళు ఆఫీసుల్లో క్షేమంగానే ఉన్నారు. మన సంఘాల సావనీర్లలో రంగూన్ వైభవం గురించి ఎన్నో వ్యాసాలు చదివాను గానీ ఈ మే నెల గురించి ఒక్క పేరా కూడా చూడలేదు. నాకిది బాధగా ఉంటుంది.

ఆ వెంటనే ప్రపంచ మాంద్యం. ధాన్యం ధర సగానికి పైగా పడిపోయింది. అప్పు తీర్చలేని రైతుల భూమి చెట్టియార్ల చేతికొచ్చింది. దిగువ బర్మాలో ముఖ్యమైన 13 వరి జిల్లాల్లో 1930 నాటికి వాళ్ళ చేతిలో ఉన్నది నూటికి 6 వంతులు. 1938కి అది 25 అయింది. చెట్టియార్లకు భూమి కావాలని కాదు, వాళ్ళకు కావలసింది నగదు. కానీ తాత కొట్టిన అడవి, తండ్రి దున్నిన మడి వడ్డీలో పోయిన రైతుకు ఆ తేడా ఎవరు చెబుతారు? 1930 డిసెంబరులో సాయా సాన్ తిరుగుబాటు, 1938లో మళ్ళీ అల్లర్లు.

ఈ లోపల ఒక కాగితం మారింది. 1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి విడదీశారు. అంతకు ముందురోజు దాకా గోపాల్‌పూర్ నుంచి రంగూన్ వెళ్ళడం అంటే ఒకే దేశంలో ఒక రేవు నుంచి ఇంకో రేవుకు వెళ్ళడం. మర్నాటి నుంచి అది విదేశ ప్రయాణం. బరంపురం వాళ్ళకు ఇంకో సంగతి గుర్తుకొస్తుంది. సరిగ్గా ఏడాది ముందు, 1936 ఏప్రిల్ 1న, గంజాం మద్రాసు రాజధాని నుంచి విడిపోయి కొత్త ఒడిశాలో చేరింది. రెండు ఏప్రిల్ ఒకటో తారీఖులు, రెండు కొత్త గీతలు. కదలకుండా కూర్చున్నవాడు ఒక రాష్ట్రంలోంచి ఇంకో రాష్ట్రంలోకి, రంగంలో ఉన్నవాడు ఒక దేశంలోంచి ఇంకో దేశంలోకి వెళ్ళిపోయాడు.

విడదీసినా రాకపోకల్ని, సుంకాల్ని కొన్నేళ్ళు పాత పద్ధతిలోనే ఉంచారు. తర్వాత 1941లో రెండు ఒప్పందాలు జరిగాయి, ఒకటి సరుకులకు, ఒకటి మనుషులకు. సరుకుల మీద పెద్ద గొడవ లేదు, బియ్యం ఇద్దరికీ కావాలి. మనుషుల ఒప్పందం మీదే రగడంతా. పాస్‌పోర్టులు, పర్మిట్లు, రుసుములు పెట్టారు. మన నాయకులు తీవ్రంగా వ్యతిరేకించారు. బర్మా నాయకుల వాదన కూడా వినాలి మనం. మా బియ్యం కొనుక్కోండి, మీ మనుషుల్ని మాత్రం లెక్క లేకుండా పంపకండి అన్నారు. ఇప్పుడు ఏ దేశమైనా అనే మాటే అది.

ఒప్పందం అమలయ్యే అవకాశం రాలేదు. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ముందు చనిపోయింది రేవులో, వీధుల్లో ఉన్న మనవాళ్ళే. ఓడల్లో చోటు డబ్బున్నవాళ్ళకి దొరికింది. మిగిలినవాళ్ళు నడిచారు, అరకాన్ కొండలు దాటి చిట్టగాంగ్ వైపు, లేదా మణిపూర్, అస్సాం అడవుల్లోంచి. సుమారు 5 లక్షల మంది బయటపడ్డారని అంచనా. కలరా, మలేరియా, ఆకలితో దారిలో వేల మంది పోయారు. 1942 మార్చి 8న రంగూన్ జపాను వశమైంది. బర్మా బియ్యం ఆగిపోయింది. మరుసటి ఏడు బెంగాల్‌లో కరువొచ్చి లక్షల మంది చనిపోయారు. దానికి కారణాలు చాలా ఉన్నాయి, అందులో ఇదొకటి.

స్వాతంత్ర్యం వచ్చాక బియ్యం వ్యాపారం మళ్ళీ మొదలైంది. 1954లో బర్మా నుంచి 9 లక్షల టన్నుల బియ్యం కొనడానికి మన ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. ఈసారి వర్తకులు లేరు, ప్రభుత్వానికీ ప్రభుత్వానికీ మధ్య బేరం. 1962లో నే విన్ సైన్యంతో అధికారం తీసుకున్నాడు. దుకాణాలు, మిల్లులు, బ్యాంకులు జాతీయం చేశాడు. 1964 మేలో 50, 100 చాట్ నోట్లు రద్దు చేశాడు. లక్షకు పైగా మనవాళ్ళు ఓడల్లో తిరిగొచ్చారు. విశాఖ కంచరపాలెం దగ్గరి బర్మా క్యాంపు, చెన్నై బర్మా బజారు, తమిళనాడులో ఊరూరా కనిపించే బర్మా కాలనీలు ఆ రోజులవే. చెన్నై సభ్యులు బర్మా బజారు దగ్గర తినే అత్తో కూడా వాళ్ళు తెచ్చిందే. అటువైపు యాంగోన్ వీధుల్లో దోసె ఇప్పటికీ ఉంది, వాళ్ళు దాన్ని "తోషే" అంటారు.

దోసె మాట వచ్చింది కాబట్టి ఇప్పటి లెక్క కూడా చెప్పేస్తాను. ఈనాడు బర్మా నుంచి మనకు వచ్చేది బియ్యం కాదు, మినుములు, కందులు. మినుములు అక్కడివాళ్ళు పెద్దగా తినరు, పండించేదే మన కోసం. అందువల్ల ఢిల్లీలో ఒక నోటిఫికేషన్ వస్తే అక్కడి పల్లెలో రైతు కుదేలవుతాడు. 2017 ఆగస్టులో మన ప్రభుత్వం పప్పుల దిగుమతికి పరిమితి పెట్టింది. ఇక్కడి రైతుకు ధర రాక అల్లాడుతున్నాడు కాబట్టి పెట్టారు, అది అర్థం చేసుకోవచ్చు. కానీ అక్కడ ధర ఒక్కసారిగా పడిపోయింది. తర్వాత 2021లో ఒప్పందం కుదిరింది, 2025-26 దాకా ఐదేళ్ళపాటు ఏటా 2.5 లక్షల టన్నుల మినుములు, లక్ష టన్నుల కందులు కొంటామని. మిగతావి క్లుప్తంగా చెప్పాలంటే, ఇక్కడి నుంచి మందులు వెళ్తాయి. టేకు దుంగల ఎగుమతి వాళ్ళు 2014 ఏప్రిల్ 1 నుంచి ఆపేశారు. మళ్ళీ అదే తారీఖు! మణిపూర్‌లో మోరే దగ్గర సరిహద్దు వ్యాపారం 1995లో తెరిచారు. అక్కడ కూడా బర్మా నుంచి వచ్చి ఆగిపోయిన తమిళులు ఉన్నారు. మినుముల బస్తా మాత్రం ఇప్పుడు మన రేవుల్లో క్రేను దింపుతుంది. మోయడానికి కొరంగీ అక్కర్లేదు.

గ్రూపులో జరిగిన వాదనకు నా జవాబు ఇదే. లక్షలు గడించినవాళ్ళు ఉన్నారు, కొద్దిమంది. కూలికి పోయినవాళ్ళు లక్షన్నర. సావనీర్‌లో పేజీలు కొద్దిమందికే ఇస్తున్నాం.

ఒక కోరిక. మీ ఇళ్ళలో రంగం నుంచి వచ్చిన టేకు పెట్టెలు, పాత మనియార్డరు రసీదులు, ఓడ టికెట్లు, 1964లో తిరిగొచ్చినప్పటి కాగితాలు ఏవైనా ఉంటే పారేయకండి. వచ్చే సర్వసభ్య సమావేశానికి తీసుకురండి. స్కాన్ చేసి అక్కడే మీకు తిరిగి ఇచ్చేస్తాం. పెద్దవాళ్ళకు గుర్తున్న పేర్లు, ఊళ్ళు, ఎక్కిన రేవు ఏదో కూడా ఒక కాగితం మీద రాయించి తెండి. ముఖ్యంగా రేవు. బారువ నుంచి ఎక్కినవాళ్ళ వివరాలు ఇప్పటిదాకా ఒక్కటీ మన దగ్గర లేవు.